జెఱ్ఱి కాళ్ల లెక్క



"వేయికాళ్ల జెఱ్ఱికి ఒక్క కాలు విరిగిన నేమి?" యను సామెత మీరందఱు నెఱిగినదే. ఒక యేటి పంట పోయినను ఇల్లు చెదరని రైతునుగూర్చియు, ఒక బేరమున దెబ్బతినిన ఆదవాని ప్రత్తివర్తకునిగూర్చియు ఈ మాటను నేను చిన్ననాటినుండి వినుచున్నాను. సంస్కృతమున ఆ జెఱ్ఱికే శతపది యని పేరు. అనగా నూరు కాళ్లది. ఒకరు వేయి యనిరి, ఒకరు నూరనిరి. పదింతల భేదము వచ్చినను, ఏ పక్షమువారును వంగి లెక్కపెట్టిన జాడ కానరాదు. ఆ లెక్క యొక్క చరిత్రనే నేడు మీకు మనవి చేయదలచితిని.

ఆదవాని కొండమీద కోట యుండగా, రాజుల కథలుండగా, ఈ పురుగు కథ యేల యని కొందఱు పెద్దలకు తోచవచ్చును. కోటకథ చెప్పువారు పెక్కుమంది కలరు. ఈ కథ చెప్పుటకు నాకొక ఋణము కారణము.

నేను ఎమ్మిగనూరు ప్రాంతమున తెలుగు పండితుడనుగా నున్న దినములలో, మగ్గపు చప్పుడు వినరాని వీధి ఆ యూర లేదు. మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము పేరు ఎఱుగనివారును లేరు. నాటి మగ్గములలో పెక్కులు గుంటమగ్గములు. నేలలో గొయ్యి త్రవ్వి, నేతగాడు దాని యంచున గూర్చుండి, కాళ్లు లోనికి విడిచి పలకలు త్రొక్కుచు నేయును. ఆ గోతిలో వేసవియందును చల్లని చెమ్మ యుండును. నూలు ఎండి తెగిపోకుండుటకు ఆ చెమ్మ మేలు. జెఱ్ఱికిని అదియే మేలు. కావున ఉదయమున గోతిలో కాలు పెట్టుటకు ముందు ఒక పుల్లతో కదలించి చూచుట నేతయిండ్లలో వాడుక.

ఒకనాడు ఎనిమిదవ తరగతిలో సమాసములు చెప్పుచు, బహువ్రీహికి ఉదాహరణముగా శతపది యను మాటను పలకమీద వ్రాసితిని. మఱునాడు ఒక నేతవారి పిల్ల పాత నోటుపుస్తకపు కాగితములో చచ్చిన జెఱ్ఱిని చుట్టి తెచ్చినది. "సార్, ఇది మా మగ్గపుగుంతలో దొరికింది. ఒక ప్రక్క ఇరవై ఒకటి, ఒక ప్రక్క ఇరవై. ఒక కాలు విరిగిన గుర్తుంది. అదీ కలిపితే నలభై రెండే" అనెను. నేనేమంటినో చెప్పుటకు నేటికిని సిగ్గగుచున్నది. "కోశమున నూరని యుండగా నీ లెక్క యెవనికి గావలెను? మరల లెక్కించి రమ్ము" అంటిని. తరగతి యంతయు నవ్వెను. ఆ పిల్ల కాగితము మడిచికొని కూర్చుండెను. పిమ్మట ఏడాది ముగియువఱకు ఏ ప్రశ్నయు నడుగలేదు.

ఉద్యోగమునుండి విరమించిన పిమ్మట, కళాశాలలో జంతుశాస్త్రము చెప్పిన మిత్రుడొకరు నాకొక భూతద్దమును, కొన్ని పుస్తకములను ఇచ్చిరి. పిల్ల లెక్కయే సరియని అప్పుడు తెలిసినది. మన యిండ్ల దాపున గనబడు పెద్ద జెఱ్ఱికి కాళ్లు ఇరువదియొక్క జతలు. ప్రపంచమునందు పేర్లు పెట్టబడిన జెఱ్ఱిజాతులు మూడువేలకు పైగా కలవు. వానిలో కొన్నిటికి పదునైదే జతలు. మట్టిలో సూత్రమువలె ప్రాకువానిలో కొన్నిటికి 191 జతలవఱకును గలవు. అయినను జతల సంఖ్య యెప్పుడును బేసియే. 15, 21, 23, 49 ఇట్లుండును గాని సరిసంఖ్య యుండదు. అపురూపముగా పుట్టు వికృతులను విడిచిన ఇది నియమము. నూరు కాళ్లుండవలెనన్న ఏబది జతలు కావలెను; ఏబది సరిసంఖ్య. కాబట్టి శతపది యను పేరు గల ప్రాణికి సరిగా నూరు కాళ్లుండుట యన్నదే పొసగదు. ఎంత చిత్రమో చూడుడు!

ఇక మన పూర్వులేమి చెప్పిరి? వారిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. అమరకోశమున దీనికి శతపది యనియే గాక కర్ణజలౌక యనియు పేరున్నది. చెవిలో దూరు జలగ యని అర్థము. సుశ్రుతసంహిత కల్పస్థానమున, విషచికిత్సను జెప్పు భాగమున, ఎనిమిదవ అధ్యాయము కీటములనుగూర్చినది. అందు శతపదులు ఎనిమిది విధములని చెప్పి, పరుష, కృష్ణ, చిత్ర, కపిలిక, పీతిక, రక్త, శ్వేత, అగ్నిప్రభ యని పేర్లు పెట్టిరి. ఇవి కఱచిన వాపు, నొప్పి, గుండెలో మంట కలుగుననియు, చివరి రెండును కఱచిన మూర్ఛయు తెల్లని పొక్కులును గలుగుననియు వ్రాసిరి. ఇది కంటితో జూచి, రోగి ప్రక్కన గూర్చుండి వ్రాసిన మాట యనుటకు సందేహము లేదు. వైద్యునికి కావలసినది విషము. కాళ్ల లెక్కతో అతనికి పని లేదు.

కాని ఆ విభాగము రంగునుబట్టి చేసినది. చిక్కు అక్కడనే యున్నది. ఒకే జాతి జెఱ్ఱి ఒక చోట పసుపుగా, ఒక చోట ఎఱ్ఱగా, వేఱొక చోట నల్లని పచ్చగా నుండును. పిల్ల యొక రంగు, తల్లి యొక రంగు. రంగును నమ్మినవాడు ఒకదానిని నాలుగుగా చెప్పును. నాలుగింటిని ఒకటిగా చెప్పును. నేటి శాస్త్రజ్ఞులు చూచునది వేఱు. మీసమునందలి కణుపులెన్ని, వానిలో మొదటినుండి నున్నగా నున్నవి ఎన్ని, కడపటి కాళ్ల మొదలింట ముండ్లెన్ని, వీపు పలకలపై గీతలు ఎక్కడ మొదలగును అని చూతురు. భూతద్దము లేనిదే ఇవి కానరావు. సుశ్రుతుని కాలమున భూతద్దము లేదు. ఆయన తప్పు లేదు, నా తప్పే. నా కాలమున అది యంగడిలో దొరకుచుండెను.

స్వీడను దేశపు లిన్నేయుడు 1758లో ప్రాణుల కన్నిటికిని రెండేసి మాటల పేర్లు పెట్టు పద్ధతిని స్థిరపఱచెను. మన దేశమున విరివిగా నుండు స్కోలోపెండ్రా మోర్సిటాన్స్ అను జెఱ్ఱికి అప్పుడే ఆయన పేరు పెట్టెను. కఱచునది యని దానికి అర్థము, పేరు సరిపోయినది. పిదప జెఱ్ఱులనే ప్రత్యేకముగా పరిశీలించినవాడు ఇంగ్లండు దేశపు జార్జి న్యూపోర్టు. ఇతడు బండిచక్రములు చేయువాని కుమారుడు. తానును మొదట ఆ పనియే నేర్చెను. అటుపిమ్మట వైద్యుడై, కీటకముల యవయవములను కోసి చూచుటలో పేరుగాంచెను. దక్షిణాపథమున నుండు పులిచారల జెఱ్ఱికి, అనగా ఒక పలక ఎఱుపు, ఒక పలక నలుపుగా నుండుదానికి, 1844లో హార్డ్విక్ అను సైన్యాధికారి పేర నామకరణము చేసినది ఇతడే. సుశ్రుతుని చిత్ర యను మాట చదివినప్పుడెల్ల నాకీ పులిజెఱ్ఱియే తోచును. తోచుట వేఱు, నిర్ణయించుట వేఱు.

అదే 1844లో మన సీమయందొక సంగతి జరిగెను. మద్రాసు సైన్యపు కెప్టెన్ న్యూబోల్డు, బేతంచెర్ల కడనున్న బిల్లసర్గము గుహలలో ఎముకలు గట్టిపడిన మట్టి కలదని వ్రాసి ప్రకటించెను. ఆ గుహలు నేడు నంద్యాల జిల్లాలోనివి. మన కర్నూలు జిల్లాను విభజించినది 2022లో. నలువది యేండ్ల పిమ్మట, హక్స్లీ యను మహాశాస్త్రజ్ఞుని సూచనమీద, మద్రాసు గవర్నరు గ్రాంటుడఫ్ ఆ గుహలను శోధింపజేసెను. ఆ పని రాబర్టు బ్రూస్ ఫుట్ దొరకు వచ్చెను. 1863లో పల్లావరము కడ ఆదిమానవుని రాతిపనిముట్టును గుర్తించినది ఈయనయే. 1884లో ఈయనయు, కుమారుడు లెఫ్టినెంటు హెన్రీయు త్రవ్వించిరి. దొరకిన ఎముకలను లిడెక్కరు 1886లో వర్ణించెను. అందు ఖడ్గమృగమొకటి; దానికి కర్నూలు పేరే పెట్టిరి. నేడు మేకలు మేయు చోట ఒకప్పుడు ఖడ్గమృగములు మేసినవన్న మాట!

ఆ దొర ఎముకలకొఱకు వచ్చెను, ఎముకలు దొరకెను, పోయెను. గోతుల మట్టిని ఎత్తి పోయించుచున్నప్పుడు, ఆ మట్టిలో ప్రాణముతో ప్రాకుచున్నవి ఎన్ని జారిపోయెనో! గుహలోని ప్రాణులకై చూచువారు లోకమున లేకపోలేదు. పోస్టోయ్నా యను యూరపు గుహలో కన్నులు లేని యొక పురుగు దొరకగా 1832లో దానిని వర్ణించిరి. రుమేనియాదేశీయుడు రకోవిట్జా 1907లో గుహాజీవుల శాస్త్రమునకు పునాదియైన గ్రంథమును వ్రాసెను. మన దేశమున 1922లో కెంపు, చోప్రా యను నిరువురు గారో కొండలలోని సిజు గుహలో దొరకిన ప్రాణి నెల్లను ఏఱి, 1924లో ప్రకటించిరి. కర్నూలు గుహలకు అట్టివారు వచ్చుటకు ఇంకను చాలకాలము పట్టెను.

గుహలో నేముండునని మీరడుగవచ్చును. చీకటిలో చెట్టు మొలవదు. తిండి యంతయు బయటనుండి రావలెను: వరదనీరు తెచ్చు ఆకు, గబ్బిలముల రెట్ట, చచ్చిన ప్రాణి. ఆ కొంచెముతో ఒక లోకము బ్రతుకును. తరతరములుగా అక్కడనే పుట్టి పెరిగినవానికి కన్నులు క్షీణించును, రంగు పాలిపోవును, మీసములును కాళ్లును పొడవగును. క్రొయేషియాలో ఒక గుహయందు 1100 మీటర్ల లోతున దొరకిన జెఱ్ఱికి 2015లో, గ్రీకు పురాణములలోని పాతాళపతి పేరు పెట్టిరి. అక్కడ అంత లోతునకు త్రాళ్లతో దిగిరి. మనవైపు కొలిమిగుండ్ల దాపుననున్న బెలుం గుహలకు అంత శ్రమ యక్కఱలేదు. ఫుట్ దొర 1884లోనే వానిని పేర్కొనెను. 1982, 83 సంవత్సరములలో గెబావరు అను జర్మను దేశీయుడు తన బృందముతో వచ్చి వానిని కొలిచెను. తెలిసిన పొడవు 3229 మీటర్లు. 2002లో ప్రజలకై దీపములతో తెఱచిరి.

నీటిలోనివానిని వెదకినవారు మనవారే. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమున యెనుముల రంగారెడ్డిగారు నేలక్రింది నీటిలోని సూక్ష్మప్రాణులను వెదకుటలో జీవితమును గడపిరి. ఆయనయు, ఆస్ట్రేలియాదేశపు విల్సనుగారును కలసి 2011లో మన రాష్ట్రపు భూగర్భజలమునుండి ఒక క్రొత్త ప్రాణిని వర్ణించి, దాని కులమునకు ఆంధ్రకోయిడెస్ అని పేరు పెట్టిరి. ఆంధ్ర యను మాట ఒక ప్రాణి కులనామమైనది! కొన్నేండ్లకు ఆ కులముననే, మన సున్నపురాతి గుహలనుండి, గెబావరు పేర మఱియొకటి తేలినది. ఇవి తడిరాళ్లక్రింద ముడుచుకొను బూడిదరంగు పురుగులకు దూరపు చుట్టములు, తెల్లనివి, గ్రుడ్డివి. వీని బంధువులున్నది ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ప్రాంతములలో. ఆ ఖండములును మన దక్షిణాపథమును ఒకే భూభాగముగా నున్న నాటినుండి ఈ వంశము నీటిక్రింద సాగుచున్నదని పండితులు తలంచుచున్నారు. ఇదే జాడలో కాశీనగరపు బావులలో దొరకిన జాతిని 1950లో వర్ణించినవారిలో ఒకరు, సిజు గుహను శోధించిన చోప్రాగారే.

గుహ అందఱికిని లేదు. మట్టి అందఱికిని ఉన్నది. మట్టిలోని ప్రాణులను పట్టుటకు 1905లో ఇటలీదేశపు బెర్లేసె యొక సులభోపాయము కనిపెట్టెను. జల్లెడలో మట్టిని పోసి, దానిక్రింద గరాటును, గరాటుక్రింద సారాయి సీసాను ఉంచవలెను. పైన వేడి తగులుచుండగా మట్టి పైనుండి ఎండుకొలది అందలి పురుగులు తడికై క్రిందికి దిగి, చివరకు సీసాలో పడును. పిమ్మట వచ్చిన తుల్గ్రెన్ అనువాడు విద్యుద్దీపమును వాడెను. వడ్లు చెఱుగుటకంటె ఇందు కష్టము లేదు. నేను మా పెరటిలో ఒక జల్లెడతోను నూనె పోయు గరాటుతోను చేసి చూచితిని. చారెడు మట్టిలో ఇన్ని ప్రాణములున్నవా యని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జెఱ్ఱులకు మన దేశమున ముఖ్యాచార్యుడని చెప్పదగినవారు నాగపురమునందలి జాంగీగారు. భారతీయ శతపదిమీద వారి గ్రంథము 1966లో వెలువడినది. దక్కను పీఠభూమి జెఱ్ఱులనుగూర్చి దాసుగారితో కలసి 1984లో మఱియొక వ్యాసము ప్రకటించిరి. అందు మన వంటి మెట్టసీమల జెఱ్ఱులకును ఒక చోటు దొరకినది. ఆ పిమ్మట రక్తమాంసములలోని వంశాక్షరములను చదువు విద్య వచ్చెను. జాహ్నవీ జోషిగారు మొదట బెంగుళూరిలో కారంతుగారితోను, పిదప లండను మ్యూజియము ఎడ్జ్‌కోంబుగారితోను, అటుతరువాత హైదరాబాదు కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందును ఈ పని సాగించిరి. సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట దక్కనుపై అగ్నిశిలాద్రవము పొరలు పొరలుగా పాఱినప్పుడు, పడమటి కనుమల దక్షిణభాగము ప్రాణులకు శరణ్యమయ్యెనని 2013లో వారు చూపిరి. 2019నాటి వ్యాసమున ఒక జెఱ్ఱికులము అచ్చటినుండి తూర్పుకనుమలకు వ్యాపించిన త్రోవను గుర్తించిరి. రాజవంశములకు శాసనములు, ఈ వంశములకు తమ యొడలే శాసనము.

ఆ లావా మన ఆదవానిదాక రాలేదు. మన కొండల నల్లసేనపు రాళ్లు దానికంటె ఎంతో పురాతనములు. రెండువందల కోట్ల యేండ్లకు పైబడినవి. ఆ బండల నెఱ్ఱెలలో, గట్లమీది రాళ్లకుప్పలలో, ప్రత్తిచేని నల్లరేగడి పగుళ్లలో జెఱ్ఱి దాగియుండును. దాని చర్మముపై నీటిని నిలుపు మైనపుపూత లేదు. ఊపిరి రంధ్రములను గట్టిగా మూసికొనలేదు. ఎండలో నిలిచిన ఎండిపోవును. అందుచేతనే పగలు దాగి రాత్రి తిరుగును. తొలకరి పడగానే ఇండ్లలోనికి వచ్చినదని మనము గగ్గోలు పెట్టుదుము. తల్లిజెఱ్ఱి తన గ్రుడ్లచుట్టును ఉంగరమువలె చుట్టుకొని, పిల్లలు తమంత తాము తిరుగువఱకు, వారముల తరబడి తిండి లేక కాయుచుండును. రాయి దొర్లించి మనము చూచితిమా, బెదరి గ్రుడ్లను తానే తినివేయుటయు గలదు. నేనొకసారి అట్లు దొర్లించి, వెంటనే మరల మూసి, పశ్చాత్తాపపడితిని.

తోకతో కుట్టునను మాట నిజము కాదు. మొదటి జత కాళ్లే గోళ్లవలె వంగి, విషము నిండి, తలక్రింద నుండును, వానితోనే కఱచును. వెనుకకాళ్లు పట్టుకొనుటకు ఉపయోగపడును. కఱచినచోట సబ్బుతో కడిగి, ఓర్వగల వేడినీట నుంచిన నొప్పి కొంత తగ్గును. వాపు ప్రాకినను, ఊపిరి ఆడకున్నను, పసిపిల్లకైనను మంత్రమునకై కూర్చుండక ఆసుపత్రికి పోవలెను.

రోకలిబండను జెఱ్ఱియని కొట్టి చంపువారు కూడ కలరు. రోకలిబండకు ఒక్కొక్క కట్టునకు రెండేసి జతల కాళ్లు; అది కుళ్లిన ఆకు తిని మట్టిగా మార్చును; కఱవదు. జెఱ్ఱి మాంసాహారి, బొద్దింకలకు శత్రువు. గుంటమగ్గములు తగ్గి, నేలకు సిమెంటు వచ్చినది. చేలగట్ల రాళ్లు కొట్టుడుకు పోవుచున్నవి. ప్రత్తికి చల్లు మందు ప్రత్తిపురుగు దగ్గఱనే ఆగదు. లెక్కింపక మునుపే పోయినదానికి ఏ కోశమున పేరు వెదకుదుము?

పోయిన వానకాలమున ఆదవాని దాపున ఒక బంధువు చేనిగట్టు ప్రక్క, తడిమట్టిని పారతో తిరుగవేయుచుండగా, ఎఱ్ఱదారమువంటి సన్నని ప్రాణి యొకటి కనబడెను. వేలెడు పొడవు, కన్నులు లేవు. మట్టితోకూడ గాజుపళ్లెములో నుంచి, భూతద్దము పట్టి, సూదిమొనతో చూపుచు కాళ్లు లెక్కింపసాగితిని. మొదట నలువదియెనిమిది జతలు వచ్చెను. సరిసంఖ్య గనుక ఎక్కడనో తప్పితినని తెలిసి, మరల మొదలుపెట్టితిని. రెండవమాఱు నలువదితొమ్మిది, మూడవమాఱును నలువదితొమ్మిదియే. అనగా తొంబదియెనిమిది కాళ్లు. నూటికి రెండు తక్కువ. దానిని మరల ఆ తడిమట్టిలోనే విడిచి, పుస్తకములో తేదియు, చేను పేరును, ఆ సంఖ్యయు వ్రాసితిని. పై పంక్తిలో, నలువదిరెండు అని, ఎమ్మిగనూరు మగ్గపుగుంత అని, లెక్కించినది ఎనిమిదవ తరగతి పిల్ల అని అదివఱకే వ్రాసియుంచితిని.